ఎడమ మూల సక్కుబాయి

నవంబర్ 4, సోమవారం

రాయి తిరుమలా. పేరు దూస సక్కుబాయి. వయసు అరవై ఆరు. పుట్టింది వేములవాడ, మెట్టింది చెన్నూరు. చదువు లేదు. ఆట కబడ్డీ. నిలబడే చోటు ఎడమ మూల.

తిరుమల నా కోడలు. డిగ్రీ దాకా చదివింది. నేను నా తీరుగా చెప్తాను, తను పుస్తకాల్లో ఉన్నట్టు రాస్తుంది. మనుషులు అన్న మాటలు మాత్రం అన్నట్టే రాయమన్నాను. ఒకరి మాటను సబ్బు పెట్టి కడిగితే అది వాళ్ల మాట కాకుండా పోతుంది.

సంగతి ఇదీ. గోదావరి కబడ్డీ మండలి నుంచి మొన్న కాగితం వచ్చింది. ఈ ఏడు నుంచి గీత పక్కన కుర్చీలో కూర్చునే కోచ్ మెడలో కార్డు ఉండాలట. కార్డు కావాలంటే ఒకప్పుడు రాష్ట్ర జట్టుకు ఎంపికై ఆడినట్టు రుజువు చూపాలట. ఇరవై ఐదో తారీఖు మంచిర్యాలలో విచారణ. డిసెంబర్ ఏడు, ఎనిమిది కరీంనగర్‌లో మండలి కప్పు. కార్డు రాకపోతే నా పిల్లలు ఒక దిక్కు, నేను తాడు బయట జనంలో ఒక దిక్కు.

ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ కుర్చీ నాది. నా చేతి కింద ఆడిన పిల్లల్లో ఐదుగురు పోలీసు ఉద్యోగాల్లో ఉన్నారు. ఒకతి మొన్న బస్టాండులో లాఠీ పట్టుకుని ఉండి, నన్ను చూసి లాఠీ చంకలో పెట్టుకుని కాళ్లు మొక్కింది. నన్ను రుజువు అడుగుతున్నారు.

విచారణలో తడబడకుండా రోజూ గుర్తున్నది చెప్పు, రాసిపెడతాను, అందులోంచి కమిటీకి కావలసింది ఏరుకుందాం అంది తిరుమల. సరే అన్నాను. ఈ నోటుబుక్కు మాత్రం కమిటీకి కాదు. నాకే.

ముందు 1978 ఫైనల్ రాయి. కరీంనగర్ జిల్లాకూ ఆదిలాబాద్ జిల్లాకూ. మేం ఒక పాయింటు ముందున్నాం. మా వైపు ఇద్దరమే మిగిలాం. మూలలో నేను, నా కుడి పక్కన ఇందిరాదేవి, ఒకరి మణికట్టు ఒకరం పట్టుకుని. ఆదిలాబాద్ పిల్ల కూతకు వచ్చింది. కాలు చాపి తాకించి గీత దాటి పోయింది. పాయింట్లు సమానం. మా ఇద్దరిలో ఎవరికి తాకిందో అంపైర్‌కు తెలియలేదు. ఇందిరాదేవిని బయటికి పంపాడు. నేను ఒక ఖాళీ కూత పోయి వచ్చాను. మళ్లీ ఆ పిల్లే వచ్చింది. ఒంటరిగా మడిమ పట్టి పడగొట్టాను. ఒక్క పాయింటుతో గెలిచాం. మర్నాడు రాష్ట్ర జట్టులో నా పేరు చదివారు.

"తాకింది ఎవరికి అత్తమ్మా?" అంది తిరుమల.

"దుమ్ము లేసిందే. కండ్లల్ల పడ్డది. దుమ్ము లేసిందనే రాయి."

రాసింది. కమిటీవాళ్లు అడుగుతారేమో, పేజీ కింద వేలిముద్ర వెయ్యమంది. ఇప్పుడే ఎందుకు, అన్నీ అయ్యాక వేస్తాను అన్నాను.

నవంబర్ 6, బుధవారం

సర్టిఫికెట్ సంగతి.

ఉంది. గోడకు వేలాడుతూనే ఉంది. దాన్ని చూసే ఈ ఊరి ఆడపిల్లల హాస్టల్లో నాకు వంట ఉద్యోగం ఇచ్చారు. పొద్దున వంట, సాయంత్రం పిల్లలతో ఆట. ఆరేళ్ల కింద రిటైరయ్యాను, వంట పోయింది, ఆట మిగిలింది.

ఉద్యోగం వచ్చిన ఏడు వేములవాడ పోయి కోడెను గుడి చుట్టూ తిప్పి రాజన్నకు మొక్కు చెల్లించాను. గుడి బజారులో పటాల దుకాణం ఉంటే సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించాలనుకున్నాను. నాకు నచ్చిన ఫ్రేము చిన్నది. బంగారు రంగు, నాలుగు మూలల్లో పూలు.

"అవ్వా, కాయితం పెద్దగున్నది, ఫ్రేమేమో చిన్నగున్నది" అన్నాడు దుకాణం అతను.

"కాయితం కొయ్యి. బొమ్మ మాత్రం పోవొద్దు బిడ్డా" అన్నాను.

కోశాడు. నడుమ కబడ్డీ ఆడుతున్న బొమ్మ చక్కగా మిగిలింది. కింద నల్లగా ఏవో గీతలు, సంతకాలు, ఒక గుండ్రటి ముద్ర ఉండేవి. అవి పోయాయి. అవి నా పేరూ, మా జిల్లా, ఏ ఏడు అన్నదీ అని నాకేం తెలుసు? బొమ్మ నేనే అనుకున్నాను. దగ్గర దగ్గర ముప్పై ఏళ్లు ఆ బొమ్మకు ఊదుబత్తి తిప్పాను.

నిన్న తిరుమల ఫ్రేము విప్పి చూసి నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత ఇద్దరం నవ్వలేదు. హాస్టల్ పాత కాగితాలు అడిగితే, చెదలు తిన్నాయన్నారు.

నవంబర్ 7, గురువారం

ఇవాళ ఏం గుర్తు రాలేదు. పిల్లలు బాగా ఆడారు.

నవంబర్ 10, ఆదివారం

నాకు ఆట ఎట్లా వచ్చిందో రాయి.

మా బాపుది గుంట మగ్గం. బాపు గుంటలో కాళ్లు పెట్టుకుని కర్రలు తొక్కుతూ నేస్తుంటే నేను పక్కన నేల మీద బోర్లా పడుకుని ఆ కాళ్లే చూసేదాన్ని. ఆడుకోవడానికి ఇంకేం లేదు మరి. చూడగా చూడగా ఏ కాలు లేవబోతుందో లేవకముందే తెలిసేది. మడిమ పక్కన సన్నటి నరం ఒకటి ముందుగా బిగుస్తుంది. దాన్ని చూడాలి. ముఖం చూడొద్దు, చేతులు చూడొద్దు. కూతకు వచ్చినవాళ్లు ముఖంతో అబద్ధం చెప్తారు, చేతులతో చెప్తారు, మడిమతో చెప్పలేరు. నా పిల్లలకు ఇరవై ఎనిమిదేళ్లుగా నేర్పింది ఇదే.

మూలవాళ్లకు పేరు రాదు. కూతకు పోయి పాయింట్లు తెచ్చినవాళ్లను భుజాల మీద ఎత్తుకుంటారు. మూలలో నిలబడి మోకాళ్లు చీరుకుపోయినవాళ్లు ఇంటికి పోయి పసుపు రాసుకుంటారు. అయినా మూల లేచిపోతే జట్టు లేదు.

మా కోచ్ సదానందం సార్ మమ్మల్ని పోగుచేశాడు. బీడీలు చుట్టే పిల్లల్ని, కాలేజీ పిల్లల్ని, అందరినీ కలిపి జిల్లా జట్టు చేశాడు. నేను బీడీలు చుట్టేదాన్ని. ఇందిరాదేవి దొరల బిడ్డ, కరీంనగర్‌లో కాలేజీ. సార్‌వి రెండే కట్టుబాట్లు. ఒకటి, "గీత లోపట పేర్లే. గీత బయట దొరసాని అంటవో ఏమంటవో నీ ఇష్టం." మొదటిసారి "ఇందిరా" అని పిలవడానికి నాకు వారం పట్టింది. రెండోది, తాకినవాళ్లు తామే చెయ్యి లేపాలి. అంపైర్ ఈల వెయ్యకముందే లేపి బయటికి నడవాలి. "ఈల మనుషులకు కాదు, గొడ్లకు" అనేవాడు.

సార్‌కు ఆటంటే ఎంత ప్రేమంటే, ఆ ఫైనల్ రోజు తెల్లారి దాకా ఒకటే వాన కొడితే రైసుమిల్లు నుంచి నాలుగు బస్తాల ఊక మోయించి గ్రౌండంతా చల్లించాడు. తడి కాళ్లకు మోకాళ్ల దాకా ఊక అంటుకుని అందరం బంగారు కడియాలు తొడుక్కున్నట్టు ఉన్నాం.

తిరుమల రాయడం ఆపి నా దిక్కు చూసింది.

"ఏందే?"

"ఏం లేదత్తమ్మా."

నవంబర్ 13, బుధవారం

మండలి సెక్రెటరీ మొండయ్య ఫోన్ చేశాడు. మంచివాడే. ఒకప్పుడు తనూ ఆడాడు.

"అమ్మా, పేరు లేని సర్టిఫికెట్ ఎవరిదన్న కావచ్చు గదా. మీ జట్టోళ్లు ఎవలన్న ఉంటే ఒక ఉత్తరం రాయించుండ్రి. పక్కపొంటి ఆడినోళ్లయితే ఇంక మంచిది."

ఏడుగురిలో నలుగురు పోయారు. ఒకామె బొంబాయి దిక్కు పోయిందన్నారు, జాడ లేదు. మిగిలింది నేనూ, ఇందిరాదేవి. కరీంనగర్‌లోనే ఉందట. భర్త బాలకిషన్‌రావు వకీలు పని చేసి మానేశాడట.

"పోదామా అత్తమ్మా?" అంది తిరుమల.

"పోను."

"కొట్లాటనా?"

"ఒక్క మాట అనుకోలే మేము. ఆ దినం నుంచి ఒక్క మాట గూడ."

రాయి. ఆ పిల్ల కాలు ఇద్దరి నడుమ నుంచి పోయింది. ఇద్దరికీ తాకి ఉండొచ్చు. అలాంటప్పుడు ఎవరిని పంపినా ఒకటే. అంపైర్ పంపాడు, నేను పంపలేదు. ఇదీ రాయి.

నవంబర్ 15, శుక్రవారం

కార్తీక పున్నమి. గోదావరిలో మునిగి దీపం వదిలాను. ఎవరి పేరు మీద అని తిరుమల అడిగింది. చెప్పలేదు. ఇది రాయొద్దన్నాను. రాసింది.

నవంబర్ 17, ఆదివారం

మంథని పోయాం. అక్కడి పిల్లలతో ఒక మ్యాచ్. మొండయ్య కూడా చూడటానికి వచ్చాడు. మనసులో ఒక లెక్క వేసుకుని పోయాను. నా పిల్లలు మొండయ్య ముందు గెలిస్తే వారం తర్వాత విచారణలో అతని నోట ఒక మంచి మాట వస్తుంది.

నవ్యశ్రీ మా జట్టులో ఎడమ మూల. పదిహేడేళ్లు. తండ్రి వెంకటి మరమగ్గాల మీద పనిచేస్తాడు. మాట తక్కువ, పట్టు ఎక్కువ. ఆఖరి నిమిషంలో పాయింట్లు సమానంగా ఉన్నాయి. మంథని పిల్ల కూతకు వచ్చి, కాలు విసిరి, వెనక్కి పోయింది. అంపైర్ చేతులు అడ్డంగా ఊపాడు, పాయింటు లేదని. మంథనివాళ్లు కూడా ఏం అనలేదు. ఆట అయిపోయింది, సమానం, అనుకున్నాను.

నవ్యశ్రీ చెయ్యి లేపింది.

"సార్, తాకింది" అని నడుచుకుంటూ బయటికి వచ్చింది. ఒక్క పాయింటుతో ఓడాం.

నాకు ఏమైందో తెలియదు. దాని జబ్బ పట్టుకుని కుర్చీ దాకా గుంజుకొచ్చాను.

"అంపైరే సూడలే. అవతలోళ్లే అడుగలే. నీకేం రోగమొచ్చిందే చెయ్యి లేపనీకి?"

అది నన్ను చూసింది. భయం లేదు, కోపం లేదు. అర్థం కానట్టు చూసింది.

"నువ్వే గద సక్కవ్వా చెప్పింది."

"ఏం చెప్పిన?"

"తాకితే చెయ్యి లేపాలె అని. పోయినేడు లేపకుంటే గంటసేపు ఎండల నిలబెట్టినవ్. ఇంటికి పోయినంక మా అవ్వ గూడ కొట్టింది, సక్కవ్వకు కోపం తెప్పిస్తవా అని."

వెనక ఒకతి కిసుక్కున నవ్వింది. మిగతావాళ్లు నవ్వలేదు. నా చెయ్యి ఇంకా దాని జబ్బ మీదే ఉంది. తీశాను. నాలుగు వేళ్ల గుర్తులు ఎర్రగా పడ్డాయి.

మొండయ్య దగ్గరికి వచ్చి, "మంచి పిల్లను తయారు చేసిండ్రమ్మా" అన్నాడు.

"పిచ్చిది" అన్నాను.

బస్సులో నవ్యశ్రీ కిటికీ పక్కన కూర్చుని జబ్బ రుద్దుకుంటూ ఉంది.

నవంబర్ 18, సోమవారం

నవ్యశ్రీ ఆటకు రాలేదు.

నవంబర్ 19, మంగళవారం

రాలేదు. సాయంత్రం వాళ్లింటికి పోయాను. మరమగ్గాల చప్పుడు. గుమ్మంలో నిలబడి అరిచి మాట్లాడాలి. అరిచి చెప్పే మాట కాదు అది. వెనక్కి వచ్చాను.

తాకిందేమో. రాయి తిరుమలా. నాకు తాకిందేమో అని రాయి.

కరీంనగర్ బస్సు ఎన్ని గంటలకో కనుక్కో.

నవంబర్ 21, గురువారం

ఇల్లు పెద్దదేం కాదు. గేటు లోపల కనకాంబరాలు. బాలకిషన్‌రావు పేపరు చదువుతూ బయటే కూర్చున్నాడు. పేరు చెప్పగానే పేపరు మడిచి లోపలికి కేక వేశాడు.

"ఇందిరా, సక్కుబాయట!"

లోపల నుంచి కర్ర చప్పుడు వినిపించింది. మోకాళ్లకు ఆపరేషన్ అయిందట. జుట్టంతా తెల్లబడింది. నడుము మాత్రం అప్పటిలాగే నిటారు.

"నలభై ఆరేండ్లకు దొరికిందా తొవ్వ?"

"బస్సు జర ఆలస్యమైంది దొరసాని" అన్నాను.

నవ్వింది. బాలకిషన్‌రావు కూడా నవ్వి, చాయ్ చెప్తానని లోపలికి పోయాడు. మేం ఏం మాట్లాడుకోవాలో తెలిసినవాడే.

సంగతంతా చెప్పాను. కార్డు, ఫ్రేము, కోసిన కాగితం. ఫ్రేము దగ్గర కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "బొమ్మ నువ్వే అనుకున్నవా? ఆ బొమ్మకు మీసాలుండె గదే! మొగోళ్ల బొమ్మ అది" అంది. ఇన్నేళ్లు మొక్కాను, నాకు మీసాలు కనిపించలేదు.

ఉత్తరం అడిగాను. రాస్తానంది. ఇంత సులువుగా అనేసరికి నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. కాగితం, కలం తెప్పించుకుంది. రాయబోయి ఆగింది.

"ఒక్క మాట సక్కూ. ఆ దినం ఏమైంది?"

"దుమ్ము లేసింది దొరసాని. కండ్లల్ల..."

"వానల దుమ్మా?"

తిరుమల నోటుబుక్కు దిక్కు వంగింది. పది రోజుల కింద వాన మాట రాసినప్పుడే తనకు తెలిసిందని నాకప్పుడు అర్థమైంది.

"అందరి కాళ్లకు ఊక అంటుకొనుండె. నువ్వూ నేనూ పక్కపక్కన. ఆ పిల్ల పోయినంక నేను కిందికి చూసిన. నీ ఎడమ కాలు మడిమ కాడ నాలుగు వేళ్ల మందం ఊక తుడుచుకపోయింది. తెల్లగ కనవడ్డది. నా కాలుకు ఎట్లున్నది అట్లనే ఉన్నది. 'నాకు కాదు సార్' అన్న. నీ దిక్కు చూసిన. నువ్వు ముంగటికి చూస్తున్నవ్. నేను మాట్లాడిన గనుక నేనే అబద్ధమాడుతున్న అనుకున్నడు అంపైరు. మాట్లాడనిది అమాయకురాలైంది."

కోపంగా చెప్పలేదు. కూర వండే తీరు చెప్పినట్టు చెప్పింది.

"జనం అరిచిండ్రు గుర్తున్నదా? దొరసాని అబద్ధమాడింది, దొరసాని అబద్ధమాడింది అని. మా నాయన జనంల నిలబడ్డడు. ఆ రాత్రే నా ఆట బట్టలు పొయ్యిల పెట్టించిండు. మళ్ల నేను గీత లోపట కాలు పెట్టలే."

"నువ్వు అంపైరుకు ఊక చూపియ్యకపోయినవా?" అన్నాను. నా గొంతు నాకే దొంగ గొంతులా వినిపించింది.

"నువ్వు లేపుతవని చూసిన. నీ మణికట్టు నా చేతుల ఉండె. నరం కొట్టుకున్నది. లేపుతది, ఇప్పుడు లేపుతది అనుకున్న. తర్వాత ఈల పడ్డది."

అప్పుడైనా తాకింది నాకేనని చెప్పాల్సింది. చెప్పలేదు. చాయ్ వచ్చింది. తాగాను. ఆమె ఉత్తరం రాసింది, సంతకం పెట్టింది, మడిచి నా చేతికిచ్చింది. ఏ షరతూ పెట్టలేదు.

"పోయి వస్త దొరసాని" అన్నాను.

"గీత బయటనే ఉన్నం గద. అట్లనే పిలువు" అంది.

నవంబర్ 22, శుక్రవారం

ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నాను. "సక్కుబాయి నా పక్కన ఆడింది. మూలలో అలాంటి పట్టు నేను మళ్లీ చూడలేదు. ఆమె రాష్ట్రానికి ఎంపికై ఆడిందని నాకు స్వయంగా తెలుసు." అంతే. ఒక్క తప్పు మాట లేదు. ఊక మాట లేదు.

ఏదైనా ఒక చెడ్డ మాట రాసి ఉంటే బాగుండేది.

నవంబర్ 25, సోమవారం

మంచిర్యాల. ఒక బల్ల, మూడు కుర్చీలు, నడుమ అధ్యక్షుడు. చిన్నవాడు, నా కొడుకు నాగరాజు వయసుంటుంది. మొండయ్య ఉత్తరం పైకి చదివాడు. అధ్యక్షుడు తల ఊపాడు.

"మంచిగున్నదమ్మా. ఇంకేం అక్కర లేదు. కార్డు రాస్తం. మీరేమన్న చెప్పేదున్నదా?"

లేదు అంటే అయిపోయేది. తిరుమల అప్పటికే సంచి సర్దుతోంది.

నేను లేచి నిలబడ్డాను. చెయ్యి లేపాను.

మొండయ్యకు అర్థమైంది. అధ్యక్షుడికి కాలేదు. "చెప్పుండ్రమ్మా, చెయ్యి లేపుడెందుకు, ఇదేమన్న బడా?" అని నవ్వాడు.

"తాకింది నాకు" అన్నాను. "డెబ్భై ఎనిమిది ఫైనల్ల. ఆ పిల్ల కాలు నా మడిమకు తాకింది. నాకు తెల్సు. అప్పుడే తెల్సు. ఇందిర బయటికి పోయింది, నేను లోపట ఉన్న. నేను బయటికి పోతే ఆఖరి పట్టు ఆమె పట్టేది. రాష్ట్రానికి ఆమె పోయేది. ఆ ఉత్తరం రాసింది ఆమెనే. ఆమె రాయలే ఈ సంగతి. నేను చెప్తున్న."

మొండయ్య కలం కాగితం మీద ఆగింది.

"ఇది రాయాల్నా అమ్మా?" అన్నాడు మొండయ్య మెల్లగా. రాయొద్దని చెప్పమన్నట్టు అడిగాడు.

"రాయి."

పక్క గదిలోకి పోయి పావుగంట మాట్లాడుకున్నారు. వచ్చి, ఎంపిక మీదే అనుమానం ఉందని దరఖాస్తుదారే చెప్తే ఆ ఎంపికను రుజువుగా తీసుకోలేమన్నారు. కార్డు ఇవ్వలేమన్నారు. మా జట్టుకు మండలి తరఫున వేరే కోచ్‌ను పంపుతామన్నారు. అధ్యక్షుడికి చెమటలు పట్టాయి, పాపం.

"ఇయ్యకుండ్రి. నేనేం ఏడ్వ. గని నా పిల్లల కుర్చీల కూసోబెట్టెటోనికి మణికట్టు పట్టుడు వస్తదో రాదో చూసి పంపుండ్రి. వేళ్లు పట్టుకోమనేటోన్ని పంపితే ఆ కుర్చీ తీస్కపోయి గోదాట్ల పడేస్త" అన్నాను.

మెట్లు దిగుతుంటే తిరుమల నా చెయ్యి పట్టుకుంది. నేను పడిపోతాననుకుంది. పడలేదు. మెట్లు ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడే మోకాళ్లు తేలిగ్గా ఉన్నాయి.

నవంబర్ 26, మంగళవారం

నవ్యశ్రీ వాళ్లింటికి పోయాను. మగ్గాలు ఆపించాను. వెంకటి ఆపాడు, ఏమైందోనని. ఆ నిశ్శబ్దంలో దానికి అంతా చెప్పాను. విని, "మరి నన్నెందుకు ఎండల నిలబెట్టినవ్ సక్కవ్వా?" అంది.

"నిన్ను కాదే, నన్ను నిలబెట్టుకున్న" అన్నాను.

"ఎండ నాకు కొట్టింది గద" అంది.

నిజమే. సాయంత్రం ఆటకు వచ్చింది.

డిసెంబర్ 8, ఆదివారం

కరీంనగర్. మండలి కప్పు. నిన్న రెండు మ్యాచ్‌లు గెలిచాం, ఇవాళ ఫైనల్.

కుర్చీలో దేవదాస్ అని ముప్పై ఏళ్ల పిల్లవాడు, మెడలో కార్డు. చెడ్డవాడు కాదు. మణికట్టు పట్టు తెలుసు. నిన్న మ్యాచ్‌కు ముందు నా దగ్గరికి వచ్చి, "అమ్మా, మీ పిల్లలు నా ముఖం చూస్తలేరు, మీ దిక్కే చూస్తుండ్రు. ఏం జెయ్యాలె?" అని అడిగాడు. "వాళ్లను ముఖం చూడొద్దని నేర్పిన బిడ్డా, ఫికర్ చెయ్యకు" అన్నాను.

నేను తాడు బయట, జనంలో, నేల మీద. ఇరవై ఎనిమిదేళ్లలో మొదటిసారి ఆట కింది నుంచి చూశాను. మడిమలు ఎంత బాగా కనిపిస్తాయో.

సగం ఆటయ్యాక వెనక కర్ర చప్పుడు. బాలకిషన్‌రావు మడత కుర్చీ మోసుకుంటూ, ముందు ఇందిరాదేవి. జనాన్ని జరగమంటూ వచ్చి, నా కుడి పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుంది. అప్పుడు నిలబడ్డ వైపే.

"మొండయ్య ఫోన్ చేసి చెప్పిండు" అంది.

"ఏమని?"

"నువ్వు పిచ్చిదానివని."

ఇద్దరం ఆట చూశాం.

ఆఖరి కూత. పాయింట్లు సమానం. ఎదుటి పిల్ల వచ్చింది, పొడుగ్గా, కాలు చాలా దూరం పోతుంది. నవ్యశ్రీ మూలలో, పక్కదాని మణికట్టు పట్టుకుని. నేను మడిమ చూస్తున్నాను. నరం బిగిసింది. అప్పుడే నా మణికట్టు మీద ఒక చెయ్యి పడింది. ముసలి చెయ్యి, వేళ్లు వంకర పోయాయి. పట్టు మాత్రం అదే.

కాలు విసిరింది. నవ్యశ్రీ వంగింది. చెయ్యి జారింది. ఆ పిల్ల గీత దాటి పోయింది. అంపైర్ ఒక క్షణం తటపటాయించాడు. ఆ క్షణం నాకు తెలుసు. ఎంత పొడుగ్గా ఉంటుందో తెలుసు. నలభై ఆరేళ్లు ఉంటుంది.

నవ్యశ్రీ చెయ్యి లేపింది. ఈల తర్వాత పడింది.

ఓడాం. రెండో స్థానం.

"ఎవలు నేర్పిండ్రే దీనికి?" అంది పక్క నుంచి.

"నేనే."

"నీకెవలు నేర్పిండ్రు?"

"సార్ నేర్పిండు. అప్పుడు నాకు రాలే."

"ఇప్పుడొచ్చిందా?"

"మొన్న వచ్చింది, ఇందిరా."

ఆమె నా దిక్కు చూడలేదు. మణికట్టు మీద చెయ్యి తియ్యలేదు. "గీత బయట ఉన్నం గదే" అంది.

"తెల్సు" అన్నాను.

డిసెంబర్ 9, సోమవారం

తిరుమలను స్టాంపు ప్యాడ్ తెమ్మన్నాను. పొద్దునే కొట్టుకు పోయి నీలం రంగుది తెచ్చింది. ఇప్పుడు ఎవరికి చూపించాలి అత్తమ్మా, విచారణ అయిపోయింది కదా అంది. ఎవరికీ కాదు అన్నాను.

చివరి పేజీ నుంచి వెనక్కి తిప్పుకుంటూ ఒక్కో పేజీ చదివించుకున్నాను. చదివిన పేజీకల్లా బొటనవేలు వేశాను. మంథని పేజీకి వేశాను. 'ఇద్దరికీ తాకి ఉండొచ్చు' అన్న పేజీ దగ్గర ఆగి, అది కొట్టేయించి, పక్కన 'నాకే' అని రాయించి వేశాను. ఊక పేజీకి వేశాను. కోసిన కాగితం పేజీకి వేశాను, అది నా తెలివితక్కువతనం, అబద్ధం కాదు.

మొదటి పేజీ వచ్చింది.

"దుమ్ము మాట కొట్టెయ్యాల్నా?" అంది తిరుమల.

"ఉండనియ్యి."

"మరి వేలు?"

వేలికి ఇంకా రంగు ఉంది. కొంగుకు తుడుచుకున్నాను.

"ఆ పేజీకి వద్దు."